పాత చక్రము – వెడల్పు టైరు



చక్రమును గూర్చి ప్రసంగింపుమనినచో గ్రామములలోని పెద్దలు నాకంటె చక్కగా ప్రసంగింపగలరు. ఇరుసు, ఆకులు, పూటీలు, ఇనుపపట్టా – వీనిలో దేని కెంత బలము కావలయునో, ఏ ఋతువున నేది వదులగునో వారు చేతితో తట్టి చెప్పుదురు. నేటి నా ప్రసంగము మోటారుబండి చక్రమును గూర్చినది. అందును ఒక చిన్న ప్రశ్న. పాతకాలపు కారునకు, దానితో పుట్టిన చక్రములనే యుంచి, వెడల్పు టైర్లు తొడుగవచ్చునా? తొడుగవచ్చు ననినచో ఎంత వెడల్పువరకు? ఇది మెకానిక్కు నడుగవలసిన మాటగదా, బడిపంతులున కేల యని మీరనవచ్చును. అయితే యీ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. దీనికి నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవానికి సమాధానము సగము దొరకినట్లే. తెలియనివాడు కొన్ని యెడల ప్రాణముమీదికి తెచ్చుకొనును.

ముందుగా మన బండిచక్రమునే చూతము. అమరకోశము చక్రపు టంచునకు నేమి, ప్రధి యని రెండు పేర్లు చెప్పుచున్నది. నడుమనున్న దానిని నాభి యన్నది. నేమి మీద ఇనుపపట్టాను పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్లు చల్లి బిగించుట మీరందఱు చూచినదే. కొలత సరిగా నున్నచో చల్లారిన పట్టా పూటీలను, ఆకులను ఒక్కటిగా పట్టి బిగించును. పట్టా మిక్కిలి బిగువైనచో ఆకులు వంగును. వదులైనచో బండి దారిలో పట్టాను వదలును. అనగా చక్రమునకు తొడుగు నమరించుట యను పని మోటారు పుట్టకముందే కొలతల పని. తొడుగు వేఱు, చక్రము వేఱు. కాని యొకదాని బలము రెండవదానిపై నాధారపడి యున్నది. ఈ మాట మనస్సున నుంచుకొందుము గాక.

వెడల్పు చక్రమునకును ఇఱుకు చక్రమునకును గల వివాదము కూడ పాతదే. వానకాలమున చేనిలో సన్నని పట్టా దిగబడును. ఎండలో గట్టిబాటపై అదే తేలికగా దొర్లును. ఇంగ్లండు దేశమున 18వ శతాబ్దమున సుంకపు బాటలు పాడగుచున్నవని యొక శాసనమే చేసిరి. 1753వ సంవత్సరపు ఆ శాసనము ప్రకారము పెద్ద సరకుబండ్ల చక్రము లంచు వెడల్పు 9 అంగుళములు ఉండవలయును. ఇఱుకు చక్రములకు దండన, వెడల్పు చక్రములకు సుంకమున వెసులుబాటు. బండివాండ్రు ఊరకుందురా? అంచును గరాటువలె వాలుగా చేయించిరి. కొలిచినచో 9 అంగుళములు. నేలకు నిజముగా తగులునది అందులో కొంత మాత్రమే! శాసనము వెడల్పును కొలిచినది గాని, నేలతో చక్రమునకు గల స్పర్శను కొలువలేదు. నేడు టైరు వెడల్పును గూర్చి గొప్పలు చెప్పుకొనువారికి ఈ గరాటు చక్రముల కథ వినిపింపదగినది.

ఇక రబ్బరు సంగతి. పచ్చిరబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై యుండెడిది. అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయరు 1839లో గంధకముతో కలిపి కాచినచో ఆ దోషము పోవునని కనుగొని, 1844లో పేటెంటు హక్కు పొందెను. మఱుసటి యేడే, 1845లో, స్కాట్లండు దేశస్థుడు రాబర్టు విలియం థాంసన్ గాలినింపిన చక్రపు తొడుగునకు హక్కు సంపాదించెను. అప్పటికాతని వయస్సు 23 ఏండ్లు. రబ్బరు పూసిన గుడ్డగొట్టము లోపల, తోలు తొడుగు వెలుపల. 1847లో లండనులోని రీజెంటు ఉద్యానమున గుఱ్ఱపుబండికి తొడిగి చూపెను. చప్పుడు లేక, కుదుపు లేక బండి సాగినది. కాని అంత సన్నని రబ్బరు ఆనాడు చవుకగా దొరకకపోవుటచే అది యంతటితో మఱుగున పడినది. నలువదేండ్ల తరువాత బెల్ఫాస్టులో పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికై 1887లో మరల అదే యుపాయమును కనుగొనెను. 1888లో ఆతనికి హక్కు లభించినది; 1890లో థాంసన్ పేరు బయటపడగానే ఆ హక్కు కొట్టుపడినది. హక్కు పోయినను పేరు మిగిలినది. మన యూళ్లలో రబ్బరు చక్రముల యెడ్లబండిని నేటికిని కొందఱు డన్లపుబండి యందురు. థాంసన్ పేరెత్తువా డెవడు?

టైరు దొరకినది, దానిని చక్రమునకు పట్టియుంచు టెట్లు? మొదట గుడ్డతో చుట్టి అంటించిరి. పంక్చరైన ప్రతిసారి విప్పుట గగనమైనది. 1890లో బార్ట్లెటు అనునతడు టైరు అడుగంచును కొక్కెమువలె చేసి, రిమ్ము అంచును లోనికి వంచి, దానిలో ఇది ఇమిడి గాలి యొత్తిడిచే బిగిసియుండునట్లు చేసెను. అదే యేట వెల్చి యనునాతడు టైరు అంచులో తీగె చుట్టును పెట్టెను. నేటి టైర్లన్నియు ఈ రెండవదాని సంతతి. మొదటి మోటారుబండ్లలో పెక్కింటికి మాత్రము కొక్కెపు టైర్లే. వాని గుణము తెలిసికొనవలయును: గాలి యెక్కువగా నున్నంతకాలమే కొక్కెము పట్టును. గాలి తగ్గినచో మలుపులో టైరు చక్రమును వీడి పోవును. కాబట్టి ఆ చక్రములపై మెత్తని టైరు పనికిరాదు. ఇనుమువలె గట్టిగా గాలి నింపవలసినదే. 1895లో ఫ్రాన్సుదేశమున మిషెలిన్ సోదరులు పారిసు–బోర్డో–పారిసు పందెములో గాలిటైర్ల కారును నడిపిరి. పలుమాఱులు టైర్లు పగిలి గెలుపు దక్కలేదు గాని, గాలిమీద కారు నడచు నని లోకమునకు తెలిసినది.

ఇప్పుడు మన ప్రశ్నకు చక్కని యుదాహరణమగు బండి వద్దకు వచ్చితిమి. అది ఫోర్డువారి మాడల్ టి. 1908లో పుట్టి 1927 వఱకు కోటియేబది లక్షలకు పైగా తయారైన కారు. 1926లో ఆ సంస్థవారి శాఖ మన దేశమునను ఏర్పడినది. ఈ బండిచక్రపు ఆకులు కొయ్యవే; మన వడ్రంగి చూచినచో చుట్టఱికము కలుపుకొనును. ముందు చక్రములకు 30×3, వెనుక చక్రములకు 30×3½ అను టైర్లు. ఆ కాలపు లెక్కలో మొదటి అంకె టైరు మొత్తము ఎత్తు, రెండవది లావు, రెండును అంగుళములలో. మొత్తము ఎత్తులోనుండి లావును రెండుమాఱులు తీసివేసినచో రిమ్ము కొలత వచ్చును. ముందుది 30లో 6 పోగా 24. వెనుకది 30లో 7 పోగా 23. చూడనొకే యెత్తు, రిమ్ములు మాత్రము వేఱు. ముందు టైరు వెనుకకు రాదు, వెనుకది ముందుకు రాదు. దూరపయాణము చేయువాడు రెండు విధముల టైర్లు మోసికొనిపోవలసి వచ్చెడిది. గాలి యొత్తిడి చదరపు టంగుళమునకు 60 పౌనుల వఱకు. గతుకుల బాటలో ఎముకలు కదలెడివి.

ఈ బాధకు ఆనాటివారు చేసిన మొదటి చికిత్స సరిగా మన ప్రశ్నయే. చక్రము మార్చక, అదే రిమ్మునకు పట్టు లావు టైరును తయారుచేసిరి. 30×3½ బదులు 31×4. లెక్క చూడుడు: 31లో 8 పోగా 23. రిమ్ము అదే! 30×3 బదులు 31×3½. 31లో 7 పోగా 24. ఇదియు సరిపోయినది. అర అంగుళము లావు, ఒక్క అంగుళము ఎత్తు పెరిగినది. అంతకు మించి యాశపడలేదు. ఏల యనగా, రిమ్ము అంచుల నడుమ వెడల్పు మారలేదు గదా! కుండమూతి కంటె మిక్కిలి లావైన గుడ్డబుడ్డిని ఆ మూతిలో నిలిపినచో అది ప్రక్కలకు ఊగును. టైరును అంతే. ఒక మెట్టు పెంచినచో చక్రము సహించును. రెండు మెట్లు పెంచినచో సహింపదు. ఈ సత్యమును వారు గ్రంథములు చదివి తెలిసికొనలేదు, బాటమీద నేర్చిరి.

లావు టైరుతో ఎత్తు పెరిగినందున ఇంకొక చిక్కు. చక్రము ఒక చుట్టు తిరిగినచో పూర్వముకంటె ముప్పదింట ఒకపాలు ఎక్కువ దూరము పోవును. ఇంజనునకు ఎక్కుడు భారమగును. మెట్ట యెక్కునప్పుడు తెలియును. వేగము చూపు ముల్లు నిజముకంటె తక్కువ చూపును. ఈ స్వల్పభేదమును ఆనాడెవరును పాటింపలేదు. దీనిని నేటి లెక్కలో మరల చూతము.

అసలైన మార్పు 1920 తరువాత వచ్చినది. అంతకుముందు టైరులోపల నేతగుడ్డ పొరలుండెడివి. పడుగు పేకలు ఒకదాని నొకటి ఒరసికొని, వేడెక్కి, తెగిపోయెడివి. పేక తీసివేసి, త్రాళ్లను ప్రక్కప్రక్కగా పేర్చి, పొరకు పొరకు నడుమ రబ్బరు నింపినచో ఒరపిడి పోవునని తెలిసినది. టైరు గోడలు పలుచనగుటకు వీలు కలిగినది. 1910 తరువాత రబ్బరులో మసి కలుపుట వాడుకలోనికి వచ్చి అరుగుదల మిక్కిలి తగ్గినది. అంతకుముందు టైర్లు తెల్లగనో బూడిదవన్నెగనో ఉండెడివని విన్న నేటి పిల్లలు నమ్మరు. ఈ రెండు బలముల చేరికచే 1923 ప్రాంతమున ఫైర్‌స్టోను మొదలగువారు లావుగా, మెత్తగా, తక్కువగాలితో నడచు టైర్లను బజారులోనికి తెచ్చిరి. వానికి బెలూను టైర్లని పేరు. 1925లో ఫోర్డు కారునకు కోరినవారికి 4.40–21 అను బెలూను టైర్లు అమర్చి యిచ్చిరి. 1926లో అవి అందఱికిని అయినవి.

ఈ కొత్త అంకెలలోనే కథ దాగియున్నది. ఇచట మొదటిది లావు, రెండవది రిమ్ము కొలత. 21కి రెండు 4.40లు కలిపినచో 29.80. పాతది 30. అనగా టైరు లావు దాదాపు ఒక అంగుళము పెరిగినను బండి యెత్తు మారలేదు. ఏల? రిమ్మును 23 నుండి 21కి దింపిరి గనుక. గాలి సగమునకు తగ్గించిరి గనుక, గాలిమీదనే యాధారపడు కొక్కెపు అంచును మానివేసిరి. అంతటితో ఆగలేదు. మెత్తని టైరు నేలను ఎక్కువగా పట్టుకొనును, స్టీరింగు బరువెక్కును. అందుచే స్టీరింగు లోని పండ్లచక్రముల లెక్కను నాలుగింట నొకటి నుండి అయిదింట నొకటికి మార్చిరి. ఇతర కార్ల వారికి మఱియొక తంటా వచ్చినది. బెలూను టైర్లు పెట్టిన కొన్ని కార్ల ముందు చక్రములు ఒకానొక వేగమున పూనకము వచ్చినట్లు అటునిటు వడకసాగినవి. చేతిచక్రమును పట్టి యాపుట బలవంతునికిని కష్టమైనది. ఇంజనీర్లు ఈ వడకును గూర్చి పెక్కేండ్లు శ్రమించి, ముందు ఇరుసు కట్టుబాటునే మార్చిరి.

చరిత్ర చెప్పు మాట ఇంతవఱకు వచ్చినది. వెడల్పు టైరు నూతన వ్యామోహము కాదు. పాతకారును పుట్టించినవారే దానిని కోరిరి. పాతబండి కేది యుండెనో అదియే యుండవలయు ననువారు ఈ సంగతి మఱచుచున్నారని నా యభిప్రాయము. కాని ఆ పుట్టించినవారు టైరు నొక్కదానిని ఎన్నడును మార్చలేదు. ఒక్క మెట్టుకు మించి పెంచదలచినప్పుడు రిమ్ము, గాలి, స్టీరింగు – అన్నిటిని కలిపి మార్చిరి. వెడల్పు టైరును మెచ్చుకొనువారు ఈ రెండవ సంగతిని మఱచుచున్నారు. మన టైరుబండిని చూడుడు. వడ్రంగి చేసిన కొయ్యచక్రమునకు రబ్బరు టైరు తొడిగినవారెవరు? ఎవరును లేరు. ఉక్కు ఇరుసు, బేరింగులు, ఉక్కు చక్రము, టైరు – నాలుగును జతగా వచ్చినవి. పాత చక్రములు పాకలో మూలకు చేరినవి.

ఇక్కడ కొంచెము శాస్త్రము చెప్పక తప్పదు. వెడల్పు టైరు నేలను ఎక్కువ మేర పట్టుకొను నని అందఱు అందురు. ఒక చక్రముపై 600 పౌనుల బరువున్నదనుకొనుడు. గాలి యొత్తిడి చదరపు టంగుళమునకు 60 పౌనులైనచో, ఆ బరువును మోయుటకు సుమారు 10 చదరపు టంగుళముల నేల కావలయును. గాలిని 30కి తగ్గించినచో 20 కావలయును. అనగా నేలతో స్పర్శను ముఖ్యముగా నిర్ణయించునది గాలి, వెడల్పు కాదు. అదే గాలితో వెడల్పు టైరు పెట్టినచో, నేలకు తగులు ముద్ర పొడవు తగ్గి వెడల్పు పెరుగును. వైశాల్యము పెద్దగా మారదు. ఆ వెడల్పు ముద్ర మలుపులో మేలు చేయవచ్చును. వాననీటిలో కీడు చేయవచ్చును. సన్నని టైరు నీటిని చీల్చుకొనిపోవు చోట వెడల్పు టైరు నీటిపై తేలును. ఇంగ్లండు బండివాండ్ర గరాటు చక్రములు మరల జ్ఞప్తికి వచ్చుచున్నవి గదా!

మన వారందఱు ఎఱిగిన పాతకారు అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు అచ్చున, వంగదేశమున ఉత్తరపాడాలోని హిందూస్థాన్ మోటార్సువారు 1957 నుండి 2014 వఱకు దానిని తయారుచేసిరి. దాని తొలి టైరు 5.90–15. పొరలలోని త్రాళ్లు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పోవు పాతరకము. నా పూర్వశిష్యుడొకడు తన తండ్రి కాలపు అంబాసిడరును ఎంతో భక్తితో కాపాడుకొనుచున్నాడు. రెండేండ్ల క్రిందట పట్టణములో ఒక దుకాణమువారు చెప్పగా 205 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, అవే పాత చక్రములకు, తొడిగించెను. కారు చూచుటకు బలిసిన గిత్తవలె నున్నది. ఒంటరిగా నడపినంతకాలము ఏమియు లేదు. చెల్లెలి పెండ్లికి అయిదుగురిని, సామానును ఎక్కించుకొని పోవుచుండగా కమానుకట్టలు వంగి, వెనుక మడ్గార్డు అంచు టైరు భుజమునకు ఒరసికొనసాగినది. ఏదియో కాలుచున్న వాసన వచ్చుచున్నదని వెనుక కూర్చున్న ముసలమ్మ చెప్పినదట, ఎవరును వినలేదు. ఒక కలువర్టు మలుపున టైరు ప్రక్క చీలినది. కారు కాలువ గట్టున ఆగినది. దైవవశమున ఎవరికిని గాయము కాలేదు. వారము గడచిన పిదప నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, దుకాణమువాడు పట్టునన్నాడు, పట్టినది, ఇందులో నా తప్పేమి?" యని యడిగెను. "పట్టుట వేఱు, తగుట వేఱు నాయనా" యని చెప్పి, ఇద్దఱము కాగితము, కొలబద్ద తీసికొని కూర్చుంటిమి. ఆ లెక్కయే మీకును చెప్పుదును.

నేటి టైరుపై 205/60 ఆర్ 15 అని యుండును. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది, ఆ వెడల్పులో నూటికి ఎన్ని పాళ్లు ప్రక్కగోడ యెత్తో చెప్పును. ఆర్ అను అక్షరము రేడియల్ టైరునకు గుర్తు. 15 రిమ్ము కొలత, అంగుళములలోనే. ఈ యొక్క చోట అంగుళము నేటికిని చావలేదు. 205లో నూటికి 60 అనగా 123. రెండు ప్రక్కలకు 246. 15 అంగుళములనగా 381. మొత్తము ఎత్తు 627 మిల్లీమీటర్లు. ఇదే తీరున 175/80 ఆర్ 15 టైరు ఎత్తు 661. కొత్తది వెడల్పైనను పొట్టిదైనది! ఒక చుట్టునకు 661 టైరు సుమారు 2077 మిల్లీమీటర్లు, 627 టైరు 1970. బెత్తెడుకు మించిన తేడా. ముల్లు 60 చూపునప్పుడు బండి నిజముగా 57 మాత్రమే పోవుచుండును. ఇంజను మాత్రము 60కి కావలసినంత తిరుగుచుండును. మీ పాతటైరు చుట్టుకొలత తెలిసికొనుటకు పుస్తక మక్కఱలేదు. టైరుపై సున్నపుబొట్టు పెట్టి, నేలపై దాని యెదుట గీత గీచి, బొట్టు మరల నేల తాకువఱకు బండిని నెట్టి, కొలువుడు. బరువు క్రింద టైరు కొంత నొక్కుకొనును గావున కాగితపు లెక్కకంటె కొంచెము తక్కువ వచ్చును.

ఇంకొక భ్రమ. వెడల్పు టైరు ఎక్కువ బరువు మోయునని. టైరు ప్రక్కన చిన్న అంకె యొకటి యుండును. అది మోయగల బరువునకు సంకేతము. 175/80 పై 90 అని యున్నచో 600 కిలోగ్రాములు. 205/60 పై 91 అని యున్నచో 615. ముప్పది మిల్లీమీటర్ల వెడల్పు పెరిగినందులకు లాభము 15 కిలోగ్రాములు! బరువును మోయునది టైరులోని గాలిగాని రబ్బరు వెడల్పు కాదని ఇచట మరల ఋజువగుచున్నది.

అన్నిటికంటె ముఖ్యము రిమ్ము వెడల్పు. దీనిని వెలుపలి అంచు నుండి కొలువరాదు. టైరు ఆనుకొను లోపలి ముఖముల నడుమ కొలువవలయును. ఒక్కొక్క టైరునకు ఇంతనుండి ఇంతవఱకు రిమ్ము తగునని తయారుచేసినవారి పట్టికలో నుండును. 165/80 టైరునకు 4 నుండి 5½ అంగుళములు. 175/80నకు 4½ నుండి 6. 205/60నకు 5½ నుండి 7½. పాతకార్ల ఉక్కు చక్రములు పెక్కు 4, 4½ అంగుళములవి. మా శిష్యుని చక్రమును కొలిచితిమి. 205 టైరు కోరు వెడల్పునకు అది చాల దూరమున నున్నది. ఇట్టి యిఱుకు చక్రముపై టైరు ప్రక్కగోడలు లోనికి ముడుచుకొనును, నడుము ఉబుకును. నడిమిభాగమే నేలను తాకి త్వరగా అరుగును. మలుపులో చక్రమొకవైపు, టైరొకవైపు పోజూచును. మఱియు రిమ్ము అర అంగుళము మారినప్పుడు టైరు వెడల్పు 5 మిల్లీమీటర్లు మారును గావున, ఇఱుకు రిమ్ముపై కట్టిన 205 టైరు నిజముగా 205 ఉండదు. సొమ్ము 205నకు ఇచ్చి తక్కువ వెడల్పు కొన్నట్లయినది.

రేడియలును గూర్చి ఒక మాట. 1946లో మిషెలిన్ సంస్థవారు హక్కు పొంది, 1949లో అమ్మకమునకు తెచ్చిన ఈ టైరులో త్రాళ్లు ఒక అంచునుండి రెండవ అంచునకు తిన్నగా పోవును. పైని ఉక్కుపట్టీ యుండును. ప్రక్కగోడ మెత్తన, నడక మేలు, అరుగుదల తక్కువ. పాతకారునకు రేడియలు తొడుగుట తప్పుకాదు; మితమైన వెడల్పున మేలే. కాని మలుపులో దాని పట్టు హెచ్చు గావున పాత ఉక్కుచక్రముపై ప్రక్కవాటు బలము హెచ్చును. నలువది, ఏబదేండ్ల చక్రమునకు రంగు గీకి, రివెట్ల చుట్టును బోల్టుల రంధ్రముల చుట్టును వెండ్రుక వంటి చీలికలున్నవేమో వెలుతురులో చూడవలయును. రంగు క్రింద చీలిక కానరాదు. అట్టి రివెట్ల చక్రముపై ట్యూబు లేని టైరు పెట్టినచో గాలి రివెట్ల సందున పోవును. ట్యూబు వేయవలసినదే, రేడియలునకు తగిన ట్యూబు. కొయ్యాకుల చక్రమైనచో ఎండకాలమున ఆకులు ఎండి కదలును. ఊపి చూచి కిఱ్ఱుమన్నచో టైరు సంగతి తరువాత, వడ్రంగి సంగతి ముందు. ఒకే ఇరుసుపై పాతరకమును, రేడియలును కలుపనేరాదు. ముందు రేడియలు, వెనుక పాతరకము పెట్టుట మఱియు ప్రమాదము. మలుపులో వెనుకభాగము జాఱి బండి తిరుగబడును. నాలుగును ఒకే రకము పెట్టుటయే క్షేమము.

మా శిష్యుడు తుదకు రిమ్మునకు తగిన కొలత రేడియళ్లే తొడిగించెను. తొడిగినపిమ్మట అయిదుగురిని ఎక్కించి, స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి, మడ్గార్డునకును టైరునకును నడుమ వేలు దూర్చి చూడుమని చెప్పితిని. చూచినాడు. కారు గిత్తవలె లేదని యాతని కుమారునకు కొంత అసంతృప్తి. పూర్వపు టైర్లే కావలయునను వారికి 30×3½, 4.40–21 మొదలగు కొలతలు నేటికిని విదేశములలో తయారగుచున్నవి.

కొనునప్పుడు మఱియొకటి చూడవలయును. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. పాతకార్లు తక్కువ తిరుగును గనుక వాని టైర్లు అరుగవు, అరుగకయే ముసలివగును. గాళ్లు చక్కగా కానవచ్చుచుండగా ప్రక్కగోడలు నెఱ్ఱెలు విచ్చియుండును.

నాలుగు టైర్లు మార్చి అయిదవదానిని మఱచువారే ఎక్కువ. మనము దానిని స్టెప్నీ యందుము. ఈ మాట వేల్సు దేశములోని లనెల్లి పట్టణమున స్టెప్నీ అను వీథి పేరు. అచ్చట 1904లో డేవీసు సోదరులు, ఆకులు లేని యొక రిమ్మునకు టైరు తొడిగి, పగిలిన చక్రము ప్రక్కన బిగించుకొను ఉపాయమును పన్ని అమ్మిరి. ఆ వీథి పేరు సముద్రములు దాటి వచ్చి మన లారీడ్రైవర్ల నోట నిలిచినది. మా శిష్యుని స్టెప్నీ మాత్రము ఇంకను ఆ పాత 5.90 టైరే. దానిని కూడ మార్పింపుమని మొన్ననే ఉత్తరము వ్రాసితిని.